బిడ్డ పేరు పక్కన ఎవరి నంబరు?

కొత్తగా బడి పెట్టేవాళ్లు ఏప్రిల్, మే నెలలంతా గదులకు రంగులు, బెంచీలు, వ్యాన్లు, టీచర్ల ఇంటర్వ్యూలతో తీరిక లేకుండా ఉంటారు. తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు మాత్రం అడ్మిషన్ ఫారాల్లో ఎవరి చేతిరాతలో వాళ్లు రాసినట్టే ఉండిపోతాయి. జూన్‌లో బడి తెరిచాక ఒక మధ్యాహ్నం రెండో తరగతి పిల్లకు జ్వరం కాస్తుంది. ఎవరికి ఫోన్ చేయాలో తెలియక ఆఫీసులో ఫారాల కట్టలు విప్పుతారు. ఈ అవస్థ రాకుండా ముందే సర్దుకోవచ్చు. పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు, ఎక్సెల్ చాలు.

ముందుగా, పేరును ఆధారం చేసుకోకండి. మన పేర్లలో ఇంటిపేరు ఒకరికి ముందుంటుంది, ఒకరికి చివర ఉంటుంది, ఒకరికి ఒక్క అక్షరంగా మిగులుతుంది. లక్ష్మి అనే పేరునే ఇంగ్లీషులో రెండు మూడు రకాలుగా రాస్తారు. ఒకే క్లాసులో ఇద్దరు హర్షలు ఉండనే ఉంటారు. అడ్మిషన్ నంబరు అలా కాదు, ఒక్క బిడ్డకు ఒక్కటే. అన్ని వివరాలూ దానికే ముడిపెట్టాలి. క్లాస్ టీచర్ సొంత ఫోన్‌లో ‘హర్ష వాళ్ల మమ్మీ’ అని దాచుకున్న నంబరు, ఆ టీచర్ ఉద్యోగం మానేసిన రోజే బడికి లేకుండా పోతుంది.

తరువాత, పిల్లలకు ఒక పట్టిక, పెద్దలకు వేరే పట్టిక పెట్టండి. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ మీ బడిలోనే ఉంటే తండ్రి నంబరు రెండుచోట్ల రాస్తారు. అది మారినప్పుడు ఒకచోట దిద్దుతారు, రెండోచోట పాతదే ఉండిపోతుంది. పెద్దల పట్టికలో ఒక్కసారే రాసి, ఏయే అడ్మిషన్ నంబర్ల పిల్లలకు ఆయన సంబంధమో చూపితే ఈ చిక్కు ఉండదు.

అన్నిటికన్నా శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. ఫీజు ఎవరు కడతారు, ఒంట్లో బాగోకపోతే ఎవరికి చెప్పాలి, సాయంత్రం బిడ్డను ఎవరి చేతికి అప్పగించవచ్చు అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. కడప, కోనసీమ, జగిత్యాల ప్రాంతాల్లో తండ్రి కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉండి ఫీజు పంపే ఇళ్లు ఎన్నో. బిడ్డను బడికి తెచ్చేది అమ్మమ్మ. జ్వరమొస్తే కువైట్‌కు ఫోన్ చేసి ఏం లాభం? భార్యాభర్తలు విడిపోయిన ఇళ్లలో మూడో ప్రశ్న మరీ సున్నితమైనది. అడ్మిషన్ రోజే మర్యాదగా, ఎదురుగా కూర్చోబెట్టి అడిగి, వాళ్ల సంతకంతోనే రాసుకోవాలి.

నంబర్లు ఎక్కించే ముందు ఆ నిలువు వరుసను ‘టెక్స్ట్’గా మార్చండి. లేకపోతే 91తో కలిపి 12 అంకెలు కొట్టగానే ఎక్సెల్ దాన్ని పెద్ద సంఖ్య అనుకుని, మధ్యలో ‘ఈ’ అక్షరం పెట్టి కుదించి చూపిస్తుంది.

నంబర్లు శాశ్వతం కావు. రీఛార్జి చేయక ఆగిపోయిన సిమ్ నంబరును కనీసం 90 రోజులు ఆపి, ఆ తరువాత కంపెనీలు ఇంకొకరికి ఇవ్వవచ్చు. అంటే మీ బడి పంపే మెసేజ్ ముక్కూమొహం తెలియని మనిషికి చేరవచ్చు. అందుకే అడ్మిషన్ టేబుల్ దగ్గరే ఫోన్ మోగించి చూడండి. ‘చివరిగా సరిచూసిన తేదీ’ అని ఒక గడి పెట్టి, దసరా, సంక్రాంతి సెలవులయ్యాక మళ్లీ సరిచూడండి.

ఇక గోప్యత. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలన్నది అందులో మూల నియమం. బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. పనికిరాని వివరం అడగకపోవడమే మంచి కాపలా. క్లాసు వాట్సాప్ గ్రూపులో ప్రతి తల్లి నంబరూ మిగతావాళ్లందరికీ కనిపిస్తుందని ఎంతమంది కరస్పాండెంట్లు ఆలోచిస్తున్నారు? ఆ తల్లుల్ని ముందే అడగడం కనీస ధర్మం. పూర్తి పట్టిక ఆఫీసులో ఇద్దరి చేతుల్లో ఉంటే చాలు. వ్యాన్ డ్రైవర్‌కు తన రూటు పిల్లల నంబర్లే కాగితం మీద ఇవ్వండి. పట్టిక మారినప్పుడల్లా పాత కాగితం వెనక్కి తీసుకుని చించేయండి.