కీటకాహార మొక్కలు – మన పెరటి తోట

పశువు ఆకును మేయడం మనం నిత్యం చూసే విషయమే. ఆకే పురుగును పట్టి జీర్ణం చేసుకుంటుందని వినగానే మాత్రం విద్యార్థులు ఆశ్చర్యపడతారు. అటువంటి మొక్కలు ఎక్కడో విదేశాలలో ఉంటాయనీ, మనం పాఠ్యపుస్తకంలోని బొమ్మతో సరిపెట్టుకోవలసినదేననీ భావిస్తారు. ఈ అభిప్రాయం సరికాదు. డ్రాసెరా, యుట్రిక్యులేరియా అనే రెండు ప్రజాతుల మొక్కలు తెలంగాణ నేలలో సహజంగానే పెరుగుతున్నవి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలోని పెరళ్ళలో వీటిని పెంచడం సాధ్యమే. అయితే తోటపనిలో మనం నేర్చుకున్న మంచి అలవాట్లను చాలావరకు పక్కన పెట్టవలసి ఉంటుంది.

ఈ సంగతి నాకు నష్టపోయిన తరువాతనే తెలిసింది. అమెరికాలోని కరొలినా ప్రాంతపు చిత్తడి నేలలలో పుట్టిన డయోనియా అనే మొక్కను ఒకసారి ఎంతో మక్కువతో కొని తెచ్చాను. గులాబీకి చేసినట్లే పశువుల ఎరువు కలిపిన ఎర్రమట్టిలో నాటి, రోజూ బోరు నీరు పోశాను. నెల తిరగకముందే ఆకులు నల్లబడి మొక్క చనిపోయింది. ఎండకు చచ్చిందని అందరితోనూ చెప్పాను. నిజానికి దానిని చంపినవి నా ఎరువు, నా నీరు.

కారణం ఏమనగా, ఈ మొక్కలు పుట్టిన చిత్తడి నేలలలో నత్రజని, భాస్వరం అత్యల్పం. ఇవి కూడా ఇతర మొక్కల వలెనే సూర్యకాంతితో తమ పిండిపదార్థాన్ని తయారు చేసుకుంటాయి. పురుగు నుండి ముఖ్యంగా గ్రహించేది నేలలో దొరకని ఆ నత్రజని, భాస్వరాలనే. చార్లెస్ డార్విన్ 1875లో ప్రచురించిన గ్రంథంలో ఈ విషయాన్ని ప్రయోగపూర్వకంగా చూపాడు. డ్రాసెరా ఆకుపై మాంసం వంటి నత్రజని గల పదార్థం ఉంచితే దాని రోమాలు వంగి చాలాసేపు పట్టి ఉంచేవి. గాజు పెంకు వంటిది ఉంచితే త్వరగానే విడిచిపెట్టేవి. ఇంతటి లేమికి అలవాటుపడిన వేళ్ళకు ఎరువులోని లవణాలు విషంతో సమానం.

ఇక మన ప్రాంతంలో అసలు చిక్కు నీటిది. ఉమ్మడి నల్లగొండ జిల్లా భూగర్భజలంలోని ఫ్లోరైడ్ మనుషుల ఎముకలకు చేసిన హాని అందరికీ తెలిసినదే. ఆ నీటిలో ఇతర లవణాలు కూడా మెండుగా ఉంటాయి. సబ్బు నురగ రాని నీరు, కాచిన గిన్నెకు తెల్లని పొర పట్టించే నీరు ఈ మొక్కలకు పనికిరాదు. సాగర్ ఎడమ కాలువ నీరు పొలానికి వరమే గాని, ఈ కుండీకి కాదు. వాన నీరే శ్రేష్ఠం. పది చదరపు మీటర్ల డాబాపై పది మిల్లీమీటర్ల వాన కురిస్తే వంద లీటర్ల నీరు వస్తుంది. రెండు మూడు కుండీలకు అది చాలాకాలం సరిపోతుంది. వాన నీరు అయిపోయినప్పుడు ఆర్‌.ఓ. యంత్రం నుండి వచ్చిన శుద్ధజలం వాడవచ్చు.

మట్టి విషయంలోనూ జాగ్రత్త అవసరం. కోదాడకు సమీపంలోని మేళ్ళచెరువు, మఠంపల్లి ప్రాంతాలలో సిమెంటు కర్మాగారాలు వెలసినది అక్కడి సున్నపురాతి వలననే. కావున ఇసుక తెచ్చినప్పుడు గుప్పెడు ఇసుకపై కొంచెం వెనిగర్ పోసి చూడాలి. బుడగలు వస్తే అందులో సున్నం ఉన్నట్లే. అటువంటి ఇసుకను విడిచిపెట్టాలి. మిర్యాలగూడ బియ్యపు మిల్లుల నుండి ఊక బూడిద సులభంగా లభిస్తుంది కదా అని కలపరాదు. దాని క్షారగుణం ఈ మొక్కలకు సరిపడదు. కొబ్బరి పొట్టును వాన నీటిలో పలుమార్లు నానబెట్టి, పిండి, ఉప్పు పోయేదాకా కడిగి, అందులో సగం పాలు ముతక ఇసుక కలిపితే చాలు. మట్టికుండీకి బదులు ప్లాస్టిక్ కుండీ మేలు.

డ్రాసెరా బర్మానీ మన వాతావరణానికి తగిన జాతి. నేలకు అంటుకొని చిన్న నాణెమంత చక్రంలా పరచుకుంటుంది. ఆకులపై మెరిసేది మంచు కాదు, జిగురు. దోమ వాలితే అంచునున్న రోమాలు కొన్ని సెకన్లలోనే లోపలికి వంగుతాయి. దీని విత్తనాలు ఇసుక కంటే సన్నగా ఉంటాయి. వాటిని మట్టిలో కప్పరాదు; పైన చల్లి వెలుతురు తగిలేటట్లు ఉంచాలి. కుండీని రెండు సెంటీమీటర్ల నీరు గల పళ్ళెంలో నిలపాలి. ఆ నీటిని అయిదు రోజులకొకసారి పారబోసి మార్చాలి. లేనిచో పురుగులను తినే మొక్క పేరిట మనం దోమలను పెంచినవారమవుతాము! ఉదయపు ఎండ తగిలితే మంచిది. మనం ఈగలను పట్టి వేయనవసరం లేదు. దానికి కావలసినది అదే సంపాదించుకుంటుంది.

చెరువులలో తేలే యుట్రిక్యులేరియాకు వేళ్ళే ఉండవు. పసుపు పూవు మాత్రం నీటిపైకి వస్తుంది. గాజు తొట్టిలో వాన నీరు పోసి ఒక కొమ్మ వేస్తే, ఆకుల మధ్య ఆవగింజలంత తిత్తులు కనిపిస్తాయి. సూక్ష్మ జలచరం తిత్తి ద్వారం వద్దనున్న రోమాన్ని తాకగానే తలుపు తెరుచుకొని నీటితో సహా దానిని లోపలికి పీల్చివేస్తుంది. ఇదంతా సెకనులో వెయ్యోవంతులోనే ముగుస్తుంది. జంతువులే తలుపు నెట్టుకొని దూరుతాయని డార్విన్ అంతటివాడు పొరబడ్డాడు. అదే కాలంలో అమెరికాలోని న్యూజెర్సీలో మేరీ ట్రీట్ అనే మహిళ ఇంటివద్దనే సూక్ష్మదర్శినితో గంటలకొద్దీ కనిపెట్టి, అవి లోపలికి లాగబడుతున్నాయని గ్రహించింది. మన కళాశాల ప్రయోగశాలలోని సూక్ష్మదర్శిని కింద విద్యార్థులు దీనిని స్వయంగా చూడవచ్చు. ఒక తొట్టికి అయ్యే ఖర్చు స్వల్పమే కావున కమిటీ పెద్దలు ఈ విషయం ఆలోచింపవలెనని నా మనవి.

అయితే ఉత్సాహం కొద్దీ చెరువుగట్ల దిగువ కనిపించిన డ్రాసెరాను పెకలించి తేరాదు. నీరు ఊరే అటువంటి తావులు ప్లాట్లుగా మారి పూడిపోతున్నవి. మిగిలినవాటికి పొలాల ఎరువు నీరు చేరుతున్నది. ఎండిన ఒకటి రెండు కాయలు తెచ్చుకున్నా వందల విత్తనాలు లభిస్తాయి.

వేసవి రాగానే డ్రాసెరా ఎండిపోతుంది. అది ఒక ఏడాది బ్రతికే మొక్క. మీ తప్పేమీ లేదు. ఆ కుండీని పారవేయక నీడన ఉంచి, మృగశిర కార్తెలో తొలి వానకు బయట పెట్టండి. రాలిన విత్తనాలు మొలకెత్తుతాయి.