జ్వరం ఏ గంటకు వచ్చింది?

కపెర్నహూములోని ప్రధాని కుమారుణ్ణి ప్రభువు స్వస్థపరచిన సంగతి యోహాను సువార్త నాలుగవ అధ్యాయంలో ఉన్నది. ఆ తండ్రి విశ్వాసం గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాము. ఆ ఇంటి దాసులను మాత్రం ఎవరూ అంతగా తలంచరు. బిడ్డకు ఏ గంటకు నెమ్మదించిందని ప్రధాని దారిలో అడిగితే వారు తడుముకోలేదు. ముందటి రోజు ఒంటి గంటకు జ్వరం విడిచిందని చెప్పగలిగారు. యజమాని ఊరిలో లేకపోయినా ఆ పసివాని పక్కన ఎవరో కనిపెట్టుకొని కూర్చున్నారన్నమాట.

మా బోరబండ హైదరాబాదులో జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లకు దగ్గరి బస్తీ. అక్కడ సినిమావారి మేడలు. ఇక్కడ ఆ ఇళ్లలో పనిచేసే తల్లులు, మేస్త్రీలు, ఆటో నడిపేవారు. పల్లెల నుండి వచ్చినవారే ఎక్కువ, కాబట్టి పసిబిడ్డకు ఒళ్లు కాలితే ఇక్కడ జరిగేదీ మీ ఊళ్లో జరిగేదీ ఒకటే. “అయ్యగారూ, వచ్చి ప్రార్థన చేయండి” అని రాత్రివేళ కబురు వస్తుంది. వెళ్తాను, ప్రార్థన చేస్తాను. అయితే గడపలోనే అడిగేది బిడ్డకు ఎన్ని నెలలని.

మూడు నెలలు నిండని బిడ్డకు 100.4 డిగ్రీలు, అంటే సెల్సియస్‌లో 38, దాటితే ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకుపోవాలి. తెల్లవారనీ, మందు వేసి చూద్దాం అనకూడదు. అంత చిన్న ప్రాణంలో రక్తానికో మెదడు పొరలకో సోకిన జబ్బు పైకి కనబడదు. ఒక్కోసారి జ్వరమే ఉండదు. ఒళ్లు చల్లబడి, బిడ్డ పాలు మానేస్తుంది. అదీ అంతే ప్రమాదం. టీకా వేసిన తరువాత ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం ఉన్నదే. టీకా సంగతి డాక్టరుకు చెప్పండి గాని, దాని వలననే అని మీరే తేల్చుకోవద్దు.

మూడు నెలలు దాటి, బిడ్డ పాలు తాగుతూ, మెలకువలో నవ్వుతూ ఉంటే ఇంట్లో చూసుకోవచ్చు. స్వెట్టరు, టోపీ, దుప్పటి తీసి పలుచని చొక్కా వేయండి. గాలి తగిలితే ఏమీ కాదు. ఐసు నీళ్లు వద్దు. లంఖణం పరమౌషధమన్నది పెద్దల కడుపుకు చెప్పిన మాట. పసిబిడ్డను పస్తు పెడితే ఒంట్లో నీరు ఆరిపోతుంది. తల్లిపాలు మామూలు కంటే ఎక్కువసార్లు ఇవ్వాలి.

మందు దగ్గరే నాకు ఎక్కువ భయం. పారాసిటమాల్ బిడ్డ బరువులో కిలోకు 10 నుండి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకు ఒకసారి, రోజుకు నాలుగుసార్లకు మించకూడదు. సీసాలన్నీ ఒకటి కావు. సాధారణంగా దొరికే చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్‌లో అయిదు మిల్లీలీటర్లకు 125 గాని 250 గాని. చుక్కల మందును సిరప్ అనుకొని అయిదు మిల్లీలీటర్లు పోస్తే, పెద్దవాళ్లు వేసుకునే 500 బిళ్ల మొత్తం ఆ పసికడుపులో పడినట్టే. పక్కింటి సీసా అరువు తెచ్చుకోకండి. ఆస్పిరిన్ పిల్లలకు అసలే వద్దు.

ఆరు నెలల నుండి అయిదేళ్లలోపు కొందరు పిల్లలకు జ్వరంతో ఫిట్స్ వస్తాయి. చూసినవారి గుండె జారిపోతుంది. అది దయ్యం కాదు. చేతిలో తాళపుచెవి, ముక్కు దగ్గర ఉల్లిపాయ, నోట్లో చెంచా – ఇవేవీ వద్దు. వాతలు పెట్టడం మరీ పాపం. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. ఫిట్ తగ్గినా డాక్టరుకు చూపించాలి. అయిదు నిమిషాలకూ ఆగకపోతే వెంటనే 108కి ఫోను చేయండి.

ఆసుపత్రికి పోవడం అవిశ్వాసమనేవారు మన సంఘాలలో ఇంకా ఉన్నారు. పౌలు ప్రియుడైన వైద్యునిగా పేర్కొన్న లూకాను వారు ఏం చేస్తారో! హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రిని చూడండి. 1949లో తన పరిచారిక ప్రసవంలో చనిపోతే, నిజాం కోడలు నీలోఫర్ ఆ దుఃఖంతో పూనుకోగా, 1953లో అది తెరవబడింది. తెలంగాణ పల్లెల నుండి ఎందరు తల్లులు అక్కడికి బిడ్డలను ఎత్తుకొస్తారో! అంతదూరం అందరికీ అక్కరలేదు. 2018 నుండి మా నగరంలో బస్తీ దవాఖానాలు ఉన్నాయి. మీ మండలంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంటుంది.

బిడ్డ పాలు పట్టకపోయినా, తాగినదంతా కక్కేస్తున్నా, లేపినా లేవకపోయినా, మాడు ఉబ్బినా, ఊపిరికి డొక్కలు లోపలికి పోతున్నా ఆగకండి. రెండు నెలలు దాటి ఏడాదిలోపు బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు నిమిషానికి యాభైసార్లు, అంతకు మించి ఊపిరి తీస్తున్నా అంతే.

డాక్టరు మొదట అడిగేది జ్వరం ఎప్పటి నుండి అనే. జ్వరం ఏ గంటకు వచ్చింది, ఎన్ని డిగ్రీలు, మందు ఏ గంటకు ఎంత వేశారు, మూత్రం ఎన్నిసార్లు పోసింది – ఒక కాగితం మీద రాసి టీకా కార్డుతో పాటు పట్టుకెళ్లండి. తల్లి పనికి పోయి అమ్మమ్మ చూసుకుంటూ ఉంటే, ఆమెకు అక్షరాలు రాకపోయినా, మందు వేసినప్పుడల్లా క్యాలెండరు మీద ఒక గీత గీస్తే చాలు.