తళతళల పడవ... తట్టి చూడండి!

పాత కారు కొనాలంటే తెలిసిన మెకానిక్‌ని వెంటబెట్టుకెళ్తాం. పాత ఇల్లయితే గోడలు తడిమి, పైకప్పు చూసి, పత్రాలు వకీలుకి చూపిస్తాం. మరి నడిసముద్రంలో ప్రాణాలు నిలబెట్టాల్సిన తెరచాప పడవ కొంటే? అదీ 'ఎక్కువ వాడలేదు, కొత్తదానికిందే లెక్క' అని అమ్మేవాడు చెబుతుంటే?

2014 మే నెలలో 'చీకీ రఫీకీ' అనే 40 అడుగుల తెరచాప పడవ కరీబియన్ దీవి ఆంటిగ్వాలో పందేలు ముగించుకుని ఇంగ్లండుకి తిరుగు ప్రయాణమైంది. అందులో నలుగురు బ్రిటన్ వాసులున్నారు. అట్లాంటిక్ మధ్యలో పడవలోకి నీళ్లొస్తున్నాయని కబురు పంపారు. ఆ తర్వాత మాట లేదు. వెతగ్గా వెతగ్గా చివరికి బోర్లాపడిన పడవ కనిపించింది. అత్యవసర సమయంలో వాడాల్సిన లైఫ్ రాఫ్ట్ దాని లోపలే ఉండిపోయింది. మనుషులు మాత్రం దొరకలేదు. ఆ పడవకి అడుగున ఉండాల్సిన బరువైన కీల్ ఊడిపోయింది.

అది ఏ యాభయ్యేళ్ల నాటి పడవో కాదు. 2006లో తయారైంది. అప్పటికి ఎనిమిదేళ్లు! పడవల లోకంలో అది పెద్ద వయసేం కాదు.

కొత్తది కాకుండా...

యూరప్‌లో తెరచాప పడవ మధ్యతరగతివాళ్లకి కూడా ఉండే సరదా. సరికొత్తది కొంటే మొదటి కొన్నేళ్లలోనే ధర బాగా పడిపోతుంది. పైగా లంగరు, రేడియో, అదనపు తెరచాపల్లాంటివన్నీ విడిగా కొనుక్కోవాలి. అందుకే చాలామంది నాలుగైదేళ్లు వాడిన పడవకే మొగ్గుచూపుతారు. సామాను దానితోనే వస్తుంది. తొలి రోజుల్లో బయటపడే చిన్నాచితకా లోపాల్ని పాత యజమాని అప్పటికే సరిచేయించి ఉంటాడు.

గ్రీస్, క్రొయేషియా తీరాల్లో పర్యాటకులకి పడవల్ని అద్దెకిచ్చే సంస్థలు చాలా ఉన్నాయి. అవి కొన్నేళ్లు తిప్పాక పడవల్ని అమ్మేసి కొత్తవి తెచ్చుకుంటాయి. ధర తక్కువే. కానీ సొంత పడవని యజమాని సెలవుల్లో మాత్రమే తిప్పితే, అద్దె పడవని ఎండాకాలమంతా వారానికో కొత్త చెయ్యి నడుపుతుంది. నాలుగేళ్ల అద్దె పడవ, నాలుగేళ్ల సొంత పడవ ఒకటి కావు. కాబట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఎన్నేళ్లది' అని కాదు, 'ఎవరు, ఎలా వాడారు' అని!

ఖంగుమనాలి

కొత్త కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తారు. ఖంగుమంటే మంచిది, బొద్దుగా మోగితే పగులున్నట్టు. పడవల్ని పరీక్షించే సర్వేయర్లు చేసేదీ అదే. ఇప్పటి తెరచాప పడవల్లో చాలావరకు ఫైబర్ గ్లాస్‌తో చేసినవి. మన తీరంలో జాలర్లు వాడే ఫైబర్ పడవల్లాగే గాజు పీచుని రెసిన్‌తో పొరలుపొరలుగా అతికించి చేస్తారు. పడవని నీళ్లలోంచి బయటికి తీయించి, చిన్న ప్లాస్టిక్ సుత్తితో అడుగంతా తడుతూ వెళ్తారు. శబ్దం ఒక్కచోట మొద్దుబారిందంటే లోపల పొరలు విడిపోయాయేమోనని అనుమానించాలి.

అడుగున బొబ్బలున్నాయేమో కూడా చూడాలి. ఏళ్ల తరబడి నీళ్లలో నానితే పైపూత గుండా తేమ లోపలికి ఇంకుతుంది. అక్కడి రసాయనాలతో కలిసి పుల్లటి ద్రవంగా మారి పూతని పైకి ఉబ్బిస్తుంది. బొబ్బని గిల్లితే వెనిగర్ వాసన వస్తుంది. దీన్ని ఆస్మోసిస్ అంటారు. పడవ వెంటనే మునగదుగానీ బాగుచేయించాలంటే ఖర్చు తడిసిమోపెడవుతుంది. బేరమాడటానికి మాత్రం ఇది మంచి అస్త్రం.

ప్రాణమంతా అడుగునే

గాలి తెరచాపని ఒకవైపు తోస్తున్నా పడవ పడిపోకుండా నిలబెట్టేది కీల్. పడవ కింద చేప రెక్కలా వేలాడే ఇనుప లేదా సీసపు దిమ్మ ఇది. చాలా పడవల్లో మొత్తం బరువులో మూడోవంతు దాకా ఇదే ఉంటుంది. అంత బరువునీ పడవకి పట్టి ఉంచేది కొన్ని పెద్ద బోల్టులు!

చీకీ రఫీకీ కీల్ ఎందుకు ఊడిందో కచ్చితంగా తేల్చడం సాధ్యం కాలేదు. కానీ బ్రిటన్ సముద్ర ప్రమాదాల దర్యాప్తు విభాగం 2015లో ఇచ్చిన నివేదిక ముఖ్యమైన విషయం చెప్పింది. ఆ పడవ అంతకుముందు కొన్నిసార్లు నేలకి తగిలింది. ఆ దెబ్బలు, ఆ తర్వాత చేసిన మరమ్మతులు కలిసి కీల్ అతుక్కున్న చోటుని బలహీనపరిచి ఉండొచ్చంది. లోపలి బలపు చట్రం పడవ అడుగు నుంచి విడిపోయినా పైకి చూసి కనిపెట్టడం కష్టమనీ హెచ్చరించింది.

అందుకే ఇక్కడ తొందర పనికిరాదు. కీల్, పడవ కలిసేచోట సన్నటి పగులుందా? తుప్పు నీరు కారిన చార ఉందా? కీల్ ముందు అంచున గుంటలున్నాయా? పడవ రాయిని గుద్దితే కీల్ ముందుభాగం కిందికి లాగి, వెనకభాగం పైకి పొడుచుకొస్తుంది. కాబట్టి లోపల, కీల్ వెనక చివర ఉన్నచోట పగుళ్ల కోసం టార్చిలైటు వేసి వెతకాలి. పడవంతా పాతగా ఉండి అడుగు గుంట ఒక్కటే కొత్త రంగుతో మెరుస్తోందంటే... ఆ రంగు దేన్ని దాస్తోందో అడగాలి.

'ఎప్పుడైనా నేలకి తగిలిందా' అని యజమానిని సూటిగా అడిగి, మరమ్మతు బిల్లులు చూపించమనాలి. జవాబు కాగితం మీద రాయించుకుంటే ఇంకా మంచిది.

చుక్కాని చేతపట్టి

కీల్ తర్వాత చుక్కాని. రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ కదిపితే లొడలొడమనకూడదు. కింది అంచు నుంచి నీటిచుక్కలు కారుతుంటే లోపలికి నీళ్లు చేరినట్టే.

కొత్త పడవల్ని కూడా సముద్రం వదిలిపెట్టదు. 2017లో నౌకాదళంలో చేరిన 'తారిణి' అదే ఏడాది సెప్టెంబరులో ఆరుగురు మహిళా అధికారులతో ప్రపంచయాత్రకి బయల్దేరింది. వాళ్లలో విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య కూడా ఉన్నారు. 2018 మేలో గోవా చేరేముందు స్టీరింగు మొరాయిస్తే మారిషస్‌లో ఆగి బాగుచేయించుకోవాల్సి వచ్చింది. అంటే వయసు కాదు, ఎంత తిరిగిందన్నదే లెక్క.

టిష్యూ కాగితం చాలు

తెరచాప స్తంభాన్ని నిలబెట్టేవి స్టీలు తీగలు. వాటిలో ఒక్క పోగు తెగినా ప్రమాదమే. కంటికి కనపడని తెగుళ్లని పట్టుకోవడానికి ఓ చిట్కా ఉంది. తీగ మీద టిష్యూ కాగితాన్ని కింది నుంచి పైకి నడిపించాలి. పోగు తెగినచోట కాగితం చిక్కుకుంటుంది. చేత్తో తడిమితే మాత్రం రక్తం వస్తుంది, జాగ్రత్త! పదేళ్లు దాటిన తీగల్ని మార్చమని బీమా కంపెనీలు సాధారణంగా పట్టుబడతాయి. ఏడెనిమిదేళ్ల పడవ కొంటే ఆ ఖర్చు త్వరలో మీ నెత్తినే పడుతుంది.

తెరచాపల్ని మడతల్లో చూస్తే ఏమీ తెలియదు. ఎత్తించి చూడాలి. ఎండకి కుట్లు పొడిబారి ఊడుతున్నాయా, గుడ్డ సాగి సంచిలా వేలాడుతోందా గమనించాలి.

ఇంజిన్ చల్లగా ఉండాలి

గాలి లేనప్పుడూ రేవులోకి వచ్చేటప్పుడూ డీజిల్ ఇంజినే దిక్కు. చూడటానికి వెళ్లగానే దానిమీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందంటే మీరు రాకముందే ఒకసారి నడిపారన్నమాట. చల్లటి ఇంజిన్ మొరాయించకుండా రాజుకుందా అన్నదే అసలు పరీక్ష. నల్ల పొగొస్తే ఇంధనం సరిగా మండట్లేదు. నీలి పొగొస్తే ఆయిల్ కాలుతోంది. ఆయిల్ పుల్లని తీసి చూస్తే పాలు కలిపిన కాఫీలా ఉందంటే నీళ్లు చేరాయి. ఇక ఆ బేరం గురించి మరోసారి ఆలోచించుకోవాల్సిందే.

చాలా పడవల్లో ఇంజిన్ నుంచి కిందికి దిగే కాలు చుట్టూ నీళ్లు రాకుండా పెద్ద రబ్బరు పొర ఉంటుంది. దాన్ని ఏడేళ్లకోసారి మార్చాలని వోల్వో పెంటా కంపెనీ సూచిస్తుంది. మార్చినట్టు బిల్లుందా?

పడవ అడుగున నీళ్లు లోపలికి, బయటికి వెళ్లే వాల్వుల్ని ఒక్కొక్కటీ తిప్పి చూడాలి. మామూలు ఇత్తడివైతే ఉప్పునీటికి అందులోని జింకు కరిగిపోయి గులాబి రంగుకి తిరుగుతాయి. అప్పుడవి పెళుసైపోతాయి. బొటనవేలంత కన్నం చాలు, పడవని ముంచేయడానికి. వంటగ్యాసు కూడా అంతే. గాలికంటే బరువు కాబట్టి లీకైతే బయటికి పోదు, పడవ అడుగున పేరుకుంటుంది. చిన్న నిప్పురవ్వ చాలు!

కాగితాలు కూడా పడవే

పడవ వెనకభాగంలో కుడివైపు 14 అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. పత్రాల్లో ఉన్నదీ అదీ ఒకటేనా సరిచూడాలి. యూరప్‌లో 1998 నుంచి అమ్మకానికొచ్చే పడవలకి సీఈ ముద్ర తప్పనిసరి. ఎ అంటే మహాసముద్రానికి, డి అంటే ప్రశాంతమైన నీళ్లకి. సి రకాన్ని కొని మహాసముద్రం దాటాలనుకుంటే తప్పు పడవది కాదు! పన్ను కట్టిన రుజువు, తీరని అప్పేమీ లేదన్న పత్రం కూడా చేతికి రావాలి.

మామూలుగా ధర కుదిరాక పదో వంతు బయానా ఇస్తారు. 'సర్వే బాగుంటేనే, సముద్రంలో నడిపి చూశాకే' అన్న షరతు ఒప్పందంలో ఉండాలి. సర్వేయరుని కొనేవాళ్లే కుదుర్చుకోవాలి, అమ్మేవాళ్లు చూపించిన మనిషి వద్దు. ఒక్క మాట... సర్వేయరు కీల్ బోల్టులు విప్పి చూడడు, ఇంజిన్ కూడా చాలాసార్లు అతని పరిధిలోకి రాదు. దానికి వేరే మెకానిక్ కావాలి.

ఇన్ని చూశాక లోపాలేవీ లేని పడవ దొరుకుతుందా? దొరకదు. తీగలు మార్చొచ్చు, తెరచాప కుట్టించొచ్చు, వాల్వులు కొత్తవి వేయొచ్చు. ఆ ఖర్చంతా లెక్కగట్టి ధరలో తగ్గించమనొచ్చు. కానీ కీల్ దగ్గర అనుమానమొస్తే మాత్రం బేరమాడకూడదు, బయానా వెనక్కి తీసుకుని వచ్చేయాలి. ధర తగ్గించినంత మాత్రాన సముద్రం జాలి చూపించదు కదా!