చెల్లుబాటు - చెల్లింపు: ఐరోపా, హైదరాబాదు రిటైల్ చెల్లింపుల సమన్వయం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఒక ప్రాంతమంతటా ఒకే కరెన్సీ చలామణీలోకి వచ్చినంత మాత్రాన అక్కడి చెల్లింపు వ్యవస్థలు ఏకం కావు. హాలీ సిక్కా స్థానంలో భారత రూపాయి వచ్చిన తరువాత హైదరాబాదు ప్రాంతం, జాతీయ కరెన్సీల స్థానంలో యూరో వచ్చిన తరువాత ఐరోపా ఈ అనుభవాన్ని వేర్వేరు కాలాల్లో పొందాయి. ఖాతా చిరునామా, సందేశరూపం, రుసుము, బాధ్యత అనే నాలుగు అంశాల ఆధారంగా ఐరోపాలోని ‘సెపా’, భారతదేశంలోని ‘యూపీఐ’ వ్యవస్థలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ నాలుగూ సమకూరిన తరువాత కూడా పరిష్కారం కాని చెల్లింపు గడువు సమస్యను బాటసింగారం పండ్ల మార్కెట్ నేపథ్యంలో చర్చిస్తుంది.

కీలకపదాలు: రిటైల్ చెల్లింపులు, సమన్వయం, హాలీ సిక్కా, సెపా, యూపీఐ, బాటసింగారం, తక్‌పట్టీ.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో ‘చెల్లు’ అనే ధాతువుకు రెండు దిశల్లో వ్యాప్తి ఉంది. ‘ఈ నాణెం ఇక్కడ చెల్లదు’ అన్నప్పుడు అది నాణేనికి ఉన్న అధికారిక విలువను తెలుపుతుంది. అదే ధాతువుకు ప్రేరణార్థకమైన ‘చెల్లించు’ అప్పు తీర్చే క్రియను తెలుపుతుంది. మొదటి దాని నుంచి ‘చెల్లుబాటు’, రెండవ దాని నుంచి ‘చెల్లింపు’ ఏర్పడ్డాయి. మాటలు ఒకే మూలానికి చెందినవైనా అవి సూచించే వ్యవస్థలు వేరు. చెల్లుబాటును రాజ్యం ఒక చట్టంతో కల్పించగలదు. చెల్లింపు మాత్రం ఒకరి ఖాతా నుంచి మరొకరి ఖాతాకు సొమ్ము చేరే మార్గం. దానికి బ్యాంకులు, నియమాలు, యంత్రాలు, రుసుములు, నమ్మకం అన్నీ కలిసిరావాలి.

ఈ భేదాన్ని గుర్తించకపోతే ఐరోపా దేశాలు యూరో నాణేలను ప్రవేశపెట్టిన తరువాత కూడా చెల్లింపుల ఏకీకరణకు పుష్కరకాలం పైగా ఎందుకు శ్రమించవలసి వచ్చిందో అర్థం కాదు. ఆ శ్రమను తెలుగు పాఠకులకు పరిచితమైన హైదరాబాదు చరిత్రతో పోల్చి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

2. సమన్వయం - నాలుగు అంశాలు:

రిటైల్ చెల్లింపులు అంటే సామాన్య ప్రజలు, చిన్న వ్యాపారులు, సంస్థలు నిత్యం జరిపే చెల్లింపులు. జీతం, అద్దె, కరెంటు బిల్లు, పండ్ల కొనుగోలు వంటివి ఇందులోకి వస్తాయి. బ్యాంకులు తమలో తాము జరుపుకునే భారీ లావాదేవీలు ఈ కోవలోకి రావు.

‘అనుసంధానం’ అంటే రెండు వ్యవస్థలను కలపడం. ‘ఏకీకరణ’ అంటే అనేక వ్యవస్థల స్థానంలో ఒకదాన్ని నిలపడం. ‘సమన్వయం’ ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. వ్యవస్థలు అనేకంగా ఉండవచ్చు, కాని అవి పాటించే నియమాలు ఒకటిగా ఉండాలి. అందుకు నాలుగు అంశాలు కుదరాలి.

అ) చిరునామా: ఏ బ్యాంకులోని ఏ ఖాతానైనా ఒకే పద్ధతిలో గుర్తించగలగాలి.
ఆ) సందేశరూపం: ఎవరు, ఎవరికి, ఎంత, ఎందుకు అనే వివరాలను అన్ని బ్యాంకులూ ఒకే క్రమంలో రాయాలి.
ఇ) రుసుము: దగ్గరి చెల్లింపునకు ఒక ధర, దూరపు చెల్లింపునకు మరొక ధర ఉండకూడదు.
ఈ) బాధ్యత: సొమ్ము దారి తప్పితే ఎవరు, ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలో ముందే తేలాలి.

3. హైదరాబాదు అనుభవం:

3.1. హాలీ సిక్కా - కల్దారు:

నిజాం రాజ్యానికి సొంత కరెన్సీ ఉండేది. దాన్ని హాలీ సిక్కా, ఉస్మానియా సిక్కా అని పిలిచేవారు. బ్రిటిష్ ఇండియా రూపాయిని ప్రజలు ‘కల్దారు’ అనేవారు. రెండింటి మారకం 7:6 నిష్పత్తిలో ఉండేది. అంటే నూరు కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ సొమ్ము ఇవ్వాలి. సరిహద్దు దాటి సరుకు అమ్మిన రైతుకు, కొన్న వర్తకునికి ఈ లెక్క తప్పేది కాదు. 1941లో ఏర్పడిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ఉస్మానియా సిక్కా నిర్వహణ బాధ్యతను కూడా చూసింది.

1948లో సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. 1950 నుంచి భారత రూపాయి హాలీ సిక్కాతో పాటు చలామణీ అయింది. 1959 నాటికి హాలీ సిక్కా పూర్తిగా తొలగిపోయింది. రాజకీయ విలీనం రోజుల్లో ముగిసినా కరెన్సీ విలీనానికి దశాబ్దం పట్టింది. దానితో చెల్లుబాటు సమస్య తీరింది.

3.2. రూపాయి ఒకటైనా తీరని దూరం:

చెల్లింపు సమస్య మాత్రం మిగిలింది. ఒక ఊరి బ్యాంకు చెక్కు మరొక ఊరిలో జమ కావాలంటే అది టపాలో ప్రయాణించాలి. రోజులు గడిచేవి, వసూలు రుసుము పడేది. ఒక బ్యాంకు ఏటీఎం కార్డు మరొక బ్యాంకు యంత్రంలో పనిచేయని కాలం కూడా ఉంది. రూపాయి దేశమంతటా ఒకటే, కాని ప్రతి బ్యాంకూ ఒక ద్వీపం.

ఈ ద్వీపాలను కలిపే పనిలో హైదరాబాదుకు ప్రత్యేక స్థానం ఉంది. భారతీయ రిజర్వు బ్యాంకు 1996లో ఇక్కడ బ్యాంకింగ్ సాంకేతికత అభివృద్ధి, పరిశోధన సంస్థను (ఐడీఆర్‌బీటీ) నెలకొల్పింది. బ్యాంకుల మధ్య సమాచార వ్యవస్థ అయిన ఇన్ఫినెట్‌ను 1999లో, ఏటీఎంలను కలిపే నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను 2004లో ఈ సంస్థే ప్రారంభించింది. 2009లో ఆ స్విచ్ నిర్వహణ నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఎన్‌పీసీఐ) చేతికి వెళ్లింది. అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి ఇతర బ్యాంకుల ఏటీఎంలలో పొదుపు ఖాతాదారులు రుసుము లేకుండా నగదు తీసుకునే వీలును రిజర్వు బ్యాంకు కల్పించింది. తరువాత ఈ ఉచిత సేవకు నెలవారీ పరిమితి వచ్చింది. యంత్రాలు కలిసిన తరువాత కూడా రుసుము విషయంలో నియంత్రణ సంస్థ జోక్యం అవసరమైందన్నది ఇక్కడ గమనించదగినది.

4. ఐరోపా అనుభవం:

4.1. యూరో తరువాత మిగిలిన గోడలు:

యూరో 1999లో 11 దేశాల్లో లెక్కల కరెన్సీగా మొదలైంది. 2002 జనవరి 1న 12 దేశాల్లో నోట్లు, నాణేలుగా ప్రజల చేతికి వచ్చింది. పారిస్‌లో తీసుకున్న నోటు బెర్లిన్‌లో చెల్లింది. కాని పారిస్ ఖాతా నుంచి బెర్లిన్ ఖాతాకు అదే సొమ్మును పంపడం విదేశీ చెల్లింపుగానే మిగిలింది. ఖాతా సంఖ్యల రూపం ఒక్కో దేశంలో ఒక్కో విధంగా ఉండేది. బిల్లు సొమ్మును ఖాతా నుంచి నేరుగా వసూలు చేసే పద్ధతులు, వాటి వాపసు నియమాలు దేశానికొక తీరుగా ఉండేవి.

ఐరోపా సమాఖ్య మొదట రుసుము గోడను పగలగొట్టింది. 2001లో చేసిన 2560వ నిబంధన ప్రకారం యూరోలలో జరిగే సరిహద్దు చెల్లింపునకు దేశీయ చెల్లింపు కంటే ఎక్కువ రుసుము తీసుకోరాదు. ఇది 2002లో కార్డులకు, 2003లో ఖాతా బదిలీలకు వర్తించింది. దీనితో పాత పద్ధతిలో సరిహద్దు చెల్లింపులు నడపడం బ్యాంకులకు భారమైంది. ఉమ్మడి పద్ధతి తయారు చేసుకోవడమే మేలని వాటికి తోచేలా చేసిన నిబంధన ఇది.

4.2. సెపా నిర్మాణం:

బ్యాంకులు 2002లో యూరోపియన్ పేమెంట్స్ కౌన్సిల్‌ను ఏర్పరచుకున్నాయి. అది రూపొందించిన ఉమ్మడి ప్రాంతమే ‘సెపా’, అంటే ఏకీకృత యూరో చెల్లింపుల ప్రాంతం. 2008 జనవరిలో ఖాతా బదిలీ, 2009 నవంబరులో నేరు వసూలు పద్ధతి ప్రారంభమయ్యాయి.

చిరునామాగా ‘ఐబాన్’ను స్వీకరించారు. దేశసూచకమైన రెండు అక్షరాలు, తప్పును పట్టే రెండు అంకెలు, ఆ తరువాత ఆ దేశపు ఖాతా వివరం - ఇదీ దాని నిర్మాణం. జర్మనీ ఐబాన్‌లో 22, ఫ్రాన్స్‌లో 27, నెదర్లాండ్స్‌లో 18 అక్షరాంకెలు ఉంటాయి. అంటే జాతీయ పద్ధతులను చెరిపివేయకుండా వాటికి ముందు ఒక ఉమ్మడి భాగాన్ని చేర్చారు. సమన్వయానికీ ఏకీకరణకూ ఉన్న తేడా ఇక్కడ స్పష్టమవుతుంది. సందేశరూపంగా ఐఎస్ఓ 20022 ప్రమాణాన్ని తీసుకున్నారు. బాధ్యత విషయంలో, నేరు వసూలు పద్ధతిలో కట్టిన సొమ్మును వినియోగదారుడు ఎనిమిది వారాల లోపు కారణం చెప్పకుండానే వెనక్కి కోరవచ్చు. అనుమతి లేని వసూలైతే ఈ గడువు 13 నెలలు.

4.3. ఐచ్ఛికం నుంచి చట్టానికి:

కొత్త పద్ధతి సిద్ధమైనా పాత జాతీయ పద్ధతులు వెంటనే తొలగిపోలేదు. అలవాటైన దారిని వదలడానికి బ్యాంకులకూ వ్యాపార సంస్థలకూ తొందర లేకపోయింది. అందువల్ల 2012లో చేసిన 260వ నిబంధన 2014 ఫిబ్రవరి 1ని తుది గడువుగా విధించింది. అప్పటికీ అందరూ సిద్ధం కాకపోవడంతో అదనంగా ఆరు నెలలు, అంటే 2014 ఆగస్టు 1 వరకు వ్యవధి ఇచ్చారు. మరొక దేశపు ఐబాన్ అన్న కారణంతో చెల్లింపును తిరస్కరించడాన్ని కూడా ఆ నిబంధన నిషేధించింది.

పది సెకన్లలో సొమ్ము చేరే తక్షణ చెల్లింపు 2017 నవంబరులో వచ్చింది. ఇదీ మొదట ఐచ్ఛికమే. 2024లో చేసిన చట్టం యూరో ప్రాంతపు బ్యాంకులు 2025 జనవరి 9 నుంచి తక్షణ చెల్లింపులను స్వీకరించాలనీ, అక్టోబరు 9 నుంచి పంపాలనీ ఆదేశించింది. సాధారణ బదిలీ కంటే దీనికి ఎక్కువ రుసుము తీసుకోరాదని కూడా నిర్దేశించింది. ఐచ్ఛికంగా మొదలై, నత్తనడక నడిచి, చట్టంతో పూర్తికావడం సెపా చరిత్రలో ఇలా రెండుసార్లు జరిగింది.

5. యూపీఐ - సామ్యభేదాలు:

భారతదేశంలో 2007 నాటి చెల్లింపు, పరిష్కార వ్యవస్థల చట్టం రిజర్వు బ్యాంకుకు స్పష్టమైన అధికారమిచ్చింది. ఎన్‌పీసీఐ 2010లో తక్షణ చెల్లింపు సేవ ఐఎంపీఎస్‌ను, దాని పునాదిపై 2016 ఏప్రిల్‌లో యూపీఐని తెచ్చింది. ఖాతా సంఖ్యకు బదులు గుర్తుంచుకోదగిన యూపీఐ చిరునామా, ఏ యాప్‌తోనైనా చదవగలిగే క్యూఆర్ కోడ్ దీని బలం. సొమ్ము తీసుకునేవారి బ్యాంకు ఏదో, యాప్ ఏదో ఇచ్చేవారికి తెలియనక్కరలేదు.

ఐరోపాలో అనేక దేశాల బ్యాంకులు చర్చించి ఒప్పుకున్న నియమాలు, భారతదేశంలో ఒకే నియంత్రణ సంస్థ పర్యవేక్షణలో, ఒకే నిర్వాహక సంస్థ ద్వారా వచ్చాయి. వేగంలోని తేడాకు ఇది ప్రధాన కారణం. రుసుము విషయంలోనూ దారులు వేరు. ఐరోపా 2015లో కార్డు చెల్లింపులపై బ్యాంకుల మధ్య రుసుమును డెబిట్ కార్డుకు 0.2 శాతానికి, క్రెడిట్ కార్డుకు 0.3 శాతానికి పరిమితం చేసింది. భారతదేశం 2020 జనవరి నుంచి యూపీఐ, రూపే డెబిట్ కార్డు చెల్లింపులపై వ్యాపారి రుసుమును పూర్తిగా తొలగించింది. బాధ్యత విషయంలో, విఫలమైన యూపీఐ బదిలీ సొమ్ము మరుసటి రోజు లోపు వెనక్కి రాకపోతే రోజుకు రూ. 100 పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లో నిర్దేశించింది.

సమన్వయం సాధించిన తరువాత రెండు చోట్లా ఒకే కొత్త సమస్య తలెత్తింది. దారి అందరిదైనా దానిపై నడిచే బండ్లు కొందరివే అయ్యాయి. ఐరోపాలో సరిహద్దు దాటిన కార్డు చెల్లింపులు చాలావరకు వీసా, మాస్టర్‌కార్డు సంస్థలపై ఆధారపడ్డాయి. భారతదేశంలో యూపీఐ లావాదేవీలలో అత్యధిక భాగం ఫోన్‌పే, గూగుల్ పే యాప్‌ల ద్వారా జరుగుతున్నాయి. ఒక యాప్ వాటా 30 శాతం మించరాదని ఎన్‌పీసీఐ 2020లో పెట్టిన నియమం అమలు గడువు 2026 చివరి వరకు వాయిదా పడింది.

6. బాటసింగారం - చెల్లింపు గడువు:

కొత్తపేట వద్ద ఉన్న గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021లో రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలోని బాటసింగారానికి తరలింది. విజయవాడ రహదారిపై ఉన్న ఈ మార్కెట్ నుంచి ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ వీధుల్లోని తోపుడుబండ్ల దాకా ఒక మామిడిపండు చేసే ప్రయాణంలో రెండు రకాల చెల్లింపులు కనిపిస్తాయి.

బండి దగ్గర కొనుగోలుదారుడు క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి చెల్లిస్తాడు. చిరునామా, సందేశరూపం, రుసుము, బాధ్యత నాలుగూ కుదిరిన చెల్లింపు ఇది. క్షణాల్లో ముగుస్తుంది. మరొక కొసన రైతు ఉంటాడు. అతని సరుకు కమీషన్ ఏజెంటు ద్వారా ఖరీదుదారుకు అమ్ముడవుతుంది. తూకం, ధర, కమీషన్, హమాలీ కూలి లెక్కగట్టి ఇచ్చే పత్రమే తక్‌పట్టీ. అందులో తేలిన సొమ్ము రైతుకు రావాలి.

ఇక్కడ మొదటి చిక్కు పరిమాణం. టన్ను రూ. 25,000 చొప్పున ఆరు టన్నుల బత్తాయి అమ్ముడైందని ఉదాహరణకు అనుకుంటే విలువ రూ. 1,50,000 అవుతుంది. వ్యక్తుల మధ్య యూపీఐ బదిలీకి సాధారణ పరిమితి రోజుకు లక్ష రూపాయలు. కనుక నెఫ్ట్, ఐఎంపీఎస్, చెక్కు లేదా నగదు వైపు మళ్లాలి. ఇది సాంకేతికంగా పెద్ద అడ్డంకి కాదు. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి రాత్రింబవళ్లు పనిచేస్తున్నది.

రెండవ చిక్కు అసలైనది. చెల్లింపు వేగం వేరు, చెల్లింపు గడువు వేరు. సొమ్ము పది సెకన్లలో చేరే మార్గం ఉన్నంత మాత్రాన దాన్ని ఈ రోజే పంపాలన్న నియమం ఏర్పడదు. సరుకును అరువుపై తీసుకున్న ఖరీదుదారు వారం తరువాత యూపీఐ ద్వారా చెల్లించినా, ఆ వారం రోజుల భారం సరుకు ఇచ్చినవారిదే. పండు నిల్వ ఉండదు. కోసిన తరువాత బేరం కుదరలేదని రైతు దాన్ని వెనక్కి తీసుకుపోలేడు. ఆ బలహీనత చెల్లింపు సాంకేతికతతో తీరేది కాదు.

ఐరోపా ఈ భేదాన్ని చట్టంలోనే గుర్తించింది. సెపా స్థిరపడిన తరువాత, 2019లో, వ్యవసాయ సరఫరాలో అన్యాయమైన వ్యాపార పద్ధతులపై 633వ ఆదేశాన్ని చేసింది. త్వరగా పాడయ్యే సరుకుకు 30 రోజులు దాటి చెల్లించడాన్ని, కొనుగోలుదారు కంటే చిన్నవారైన సరఫరాదారుల విషయంలో అది నిషేధించింది. సొమ్ము నడిచే దారిని ఒక చట్టం, సొమ్ము బయలుదేరవలసిన రోజును మరొక చట్టం నిర్ణయించాయి.

7. ముగింపు:

1. ఉమ్మడి కరెన్సీ చెల్లుబాటును మాత్రమే ఇస్తుంది. హాలీ సిక్కా తొలగిన హైదరాబాదులోనూ, యూరో వచ్చిన ఐరోపాలోనూ చెల్లింపుల సమన్వయం విడిగా సాధించవలసి వచ్చింది.
2. చిరునామా, సందేశరూపం, రుసుము, బాధ్యత అనే నాలుగు అంశాలలో ఏ ఒక్కటి లోపించినా సమన్వయం అసంపూర్ణమే.
3. సంస్థల ఐచ్ఛిక అంగీకారం ప్రమాణాలను తయారు చేయగలిగింది. వాటిని సార్వత్రికం చేయడానికి చట్టం, తుది గడువు అవసరమయ్యాయి.
4. సమన్వయం స్థానిక పద్ధతులను చెరిపివేయనక్కరలేదు. ఐబాన్ నిర్మాణం ఇందుకు ఉదాహరణ.
5. దారి ఒకటైన తరువాత దానిపై కొద్ది సంస్థల ఆధిపత్యం పెరగడం ఐరోపా, భారతదేశం రెండింటికీ ఉమ్మడి సవాలు.
6. చెల్లింపు వేగం పెరిగినంత మాత్రాన చెల్లింపు గడువు తగ్గదు. కనుక డిజిటల్ చెల్లింపుల ఫలితాన్ని తోపుడుబండి మీది క్యూఆర్ కోడ్ దగ్గరే కాక, రైతు చేతిలోని తక్‌పట్టీ తేదీకీ అతని ఖాతాలో సొమ్ము జమైన తేదీకీ మధ్య ఉన్న రోజులను లెక్కించి కూడా అంచనా వేయాలి.