పాటల గదికి ఎలాంటి గోడ?

ఔటర్ రింగ్ రోడ్డు చేరువలోని సుల్తాన్‌పూర్‌లో ఇంటి గదిని రికార్డింగ్ స్టూడియోగా మార్చాలనుకునే వారికి మొదటి ఇబ్బంది లారీలతోనే. ఊళ్లో వైద్య పరికరాల పార్కు ఉంది. చుట్టుపక్కల పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామిక వాడలున్నాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతంలో రాత్రిపూట 45 డెసిబెళ్ల దాకా, పారిశ్రామిక ప్రాంతంలో 70 దాకా అనుమతిస్తాయి. గొంతు శుభ్రంగా రికార్డవాలంటే గదిలో 25, 30కి మించకూడదు. పరిశ్రమల అంచున ఉన్న ఇంట్లో గోడ 40 డెసిబెళ్లకు పైగా ఆపాలన్నమాట.

ఈ లెక్క వేయకుండానే చాలామంది గోడకు ఫోమ్ పలకలు అంటిస్తారు. 1895లో హార్వర్డ్‌లో ఒక ఉపన్యాస మందిరం మాట అర్థం కానంతగా మారుమోగుతుంటే, వాలెస్ సాబిన్ అందులో కుర్చీల దిండ్లు పరిచి ధ్వని ఎంతసేపట్లో అణగుతుందో కొలిచాడు. దిండ్లు లోపలి మోతను తగ్గించాయి. ఫోమ్ చేసేదీ అంతే. బయటి లారీ చప్పుడుకు అది అడ్డే కాదు. కోడిగుడ్ల అట్టలు ఫోమ్ పాటి కూడా చేయవు, పైగా ఇట్టే అంటుకుంటాయి.

శబ్దాన్ని ఆపేది బరువు. చదరపు మీటరుకు గోడ బరువు రెట్టింపైతే అది ఆపే శబ్దం సుమారు 5, 6 డెసిబెళ్లు పెరుగుతుంది. ఇప్పుడు విరివిగా వాడే ఏఏసీ (గాలి బుడగల కాంక్రీటు) బ్లాకులు ఘనపు మీటరుకు 600 కిలోల చుట్టూ తూగుతాయి, మట్టి ఇటుక 1800 దాకా. ఎండ వేడిని ఆపడంలో ఏఏసీ మేలే గానీ, అదే మందంలో చప్పుడును ఆపడంలో ఇటుకకు సాటి రాదు. థర్మకోల్ మరీ తేలిక, పైగా బిర్రుగా ఉంటుంది. దాన్ని గోడకు అంటించి పైన ప్లాస్టర్ చేస్తే కొన్ని పౌనఃపున్యాల దగ్గర గోడ మునుపటికన్నా ఎక్కువ మోగవచ్చు.

గోడను ఎంతకని బరువెక్కిస్తాం? అందుకే రెండో పొర. ఉన్న గోడకు తగలకుండా వేరే ఫ్రేము నిలిపి, దానికి జిప్సం బోర్డు బిగించి, మధ్య ఖాళీలో రాక్‌వుల్ (రాతి పోగుల దూది) నింపుతారు. ఆ ఖాళీలోని గాలి స్ప్రింగులా పనిచేస్తుంది. ఒకే బోర్డును అంగుళం ఖాళీతో బిగిస్తే 125 హెర్ట్జ్ ప్రాంతంలో అనునాదం వచ్చి, ఆ దగ్గరి చప్పుళ్లకు గోడ దారి ఇస్తుంది. రెండు బోర్డులు, నాలుగంగుళాల ఖాళీ అయితే అది 45 హెర్ట్జ్ దగ్గరికి దిగుతుంది. రాక్‌వుల్ దాన్ని ఇంకాస్త దించి, ఖాళీలోని మోతను మింగుతుంది. ఘనపు మీటరుకు 48 కిలోల రకం చాలు. అంతకన్నా సాంద్రమైనదాన్ని కుక్కితే రెండు పొరలకూ వంతెన వేసినట్టే. గ్లాస్‌వుల్ కూడా ఇదే పని చేస్తుంది. రెండింటి పోగులూ చర్మానికి దురద పుట్టిస్తాయి కాబట్టి చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి.

గోడతో పాటు తలుపు మీదా డబ్బు పెట్టాలి. గోడ వైశాల్యంలో నూరో వంతు సందున్నా, మిగతా గోడ ఎంత గట్టిదైనా మొత్తం 20 డెసిబెళ్ల దగ్గరే ఆగిపోతుంది. లోపలి గదులకు గడప లేకుండా కట్టడం మామూలైంది. తలుపు కింద వేలు దూరేంత సందు! బరువైన తలుపు, చుట్టూ రబ్బరు పట్టీ, కింద గడప ఉండాలి. ఏసీ పైపు రంధ్రాన్నీ సీలెంటుతో మూసేయాలి.

ఇంత చేసినా జనరేటర్ మిగులుతుంది. నిమిషానికి 1500 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజను హోరు 50 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. దాని తరంగదైర్ఘ్యం దాదాపు 7 మీటర్లు, ఇంట్లో కట్టే పొరగోడకు అది లొంగదు. అందుకే రోడ్డుకూ జనరేటర్‌కూ దూరంగా ఉన్న లోపలి గదినే ముందు ఎంచుకోవాలి. గొంతు ఒక్కటే రికార్డు చేసేవారికి మరో వెసులుబాటు ఉంది. మనిషి గొంతు 80 హెర్ట్జ్ కిందికి అరుదుగా దిగుతుంది కాబట్టి ఆ కింది భాగాన్ని రికార్డింగ్‌లోనే ఫిల్టరుతో కోసేయవచ్చు. లోతైన మోత ఉన్న వాద్యాల పాటైతే ఆ వీలు తగ్గుతుంది. ఆ మోత కూడా ఫిల్టరులో పోతుంది.