లోహపు గదిలో రేడియో: పాత కార్లలో కనబడని యాంటెనాలు

1953 జూన్ 30న మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరంలో తొలి షెవర్లే కార్వెట్ తయారై బయటికి వచ్చింది. ఆ ఏడాది చేసిన 300 కార్లకూ పైన తెలుపు రంగే, లోపల ఎరుపు రంగే. మ్యూజియంలలో ఈ కార్లను చూసేవారు ఒక సంగతి గమనించవచ్చు. డాష్‌బోర్డులో రేడియో ఉంటుంది, కాని కారు మీద ఎక్కడా యాంటెనా కడ్డీ కనిపించదు. అది డిక్కీ మూతలోని ఫైబర్‌గ్లాసులో, సన్నని తీగల వల రూపంలో దాగి ఉంటుంది. 1956 మోడల్‌కు వచ్చేసరికి షెవర్లే ఈ పద్ధతిని విడిచి వెనక ఫెండర్ మీద మామూలు కడ్డీనే నిలబెట్టింది.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారిలో, పిల్లల చదువులు పూర్తయ్యాక ఓ పాత మస్టాంగో, పాత కాడిలాకో కొని ప్రేమగా చూసుకుంటున్నవారు నాకు కొందరు తెలుసు. వారిలో చాలామందికి ఎదురయ్యే ప్రశ్న ఒకటే: అరవై ఏళ్లుగా చెక్కుచెదరని ఫెండర్‌కు బెజ్జం పెట్టకుండా రేడియో వినడం సాధ్యమా? సాధ్యమే. అయితే దానికి చెల్లించవలసిన మూల్యం ఏమిటో, అది ఎందుకు తప్పదో తెలుసుకోవాలంటే భౌతికశాస్త్రాన్ని కొంచెం తడమాలి.

కప్పులోంచి కడ్డీకి

యాంటెనాను దాచడం కొత్త ఆలోచన కాదు. నిజానికి కారు రేడియో చరిత్ర మొదలైందే దాచిన యాంటెనాతో. 1930లో షికాగోకు చెందిన పాల్ గాల్విన్ తన కారులో రేడియో అమర్చుకుని, అట్లాంటిక్ సిటీలో జరుగుతున్న రేడియో తయారీదారుల సమావేశానికి నడుపుకుంటూ వెళ్లాడు. ఆ రేడియోకు పెట్టిన ‘మోటరోలా’ అన్న పేరే తరవాత ఆయన కంపెనీకీ స్థిరపడింది. ఆనాటి కార్ల కప్పుకు చెక్క చట్రం, దానిమీద గుడ్డ ఉండేవి. ఆ గుడ్డ కింద కోళ్ల గూటికి వాడేలాంటి ఇనుప వలను పరిస్తే చక్కటి యాంటెనా సిద్ధమయ్యేది. 1935 మోడళ్లలో జనరల్ మోటార్స్ ‘టరెట్ టాప్’ పేరుతో పూర్తి ఉక్కు కప్పును ప్రవేశపెట్టింది. ప్రయాణికులకు భద్రత పెరిగింది గాని, రేడియోకు కప్పులో చోటు పోయింది. కొంతకాలం యాంటెనాలు పక్కమెట్ల కిందికి దిగాయి. చివరికి బయట నిలిచే కడ్డీయే స్థిరపడింది.

దాచాలన్న కోరిక మాత్రం పోలేదు. 1969 పాంటియాక్ గ్రాండ్ ప్రీలో ముందు అద్దం పొరల మధ్య సన్నని తీగలను ఇమిడ్చారు. డెబ్భైలలో జనరల్ మోటార్స్ కార్లు చాలావాటిలో ఈ పద్ధతి కనిపిస్తుంది.

తరంగం పొడవు, తీగ పొడవు

తెలుగు నేలమీద రేడియో వింటూ పెరిగినవారికి విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ మీద వచ్చేదని గుర్తుండే ఉంటుంది. కాంతివేగాన్ని ఆ పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం సుమారు 358 మీటర్లు. నేలమీద నిలబెట్టిన యాంటెనా సమర్థంగా పనిచేయడానికి తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు పొడవుండాలన్నది మొదటి లెక్క. అంటే దాదాపు 90 మీటర్లు! ప్రసార కేంద్రాల టవర్లు అంతంత ఎత్తున ఉండటానికి కారణం ఇదే. ఎఫ్.ఎం. సంగతి వేరు. 100 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 3 మీటర్లు, అందులో నాలుగో వంతు 75 సెంటీమీటర్లు. మనకు పరిచయమైన కారు కడ్డీ పొడవు ఇంచుమించు అంతే.

కాబట్టి ఒకే కడ్డీ రెండు వేర్వేరు పనులు చేస్తుంది. ఎఫ్.ఎం.కు అది సరైన కొలత గల యాంటెనా. ఎ.ఎం.కు అది తరంగం ముందు ఒక వెంట్రుక వంటిది. గాలిలోని విద్యుత్ క్షేత్రాన్ని కొద్దిగా రుచిచూసే చిన్న కెపాసిటర్ మాత్రమే. ఆ కెపాసిటర్ పట్టిన వోల్టేజిని రేడియో దాకా చేర్చే కేబులుకు కూడా కొంత కెపాసిటీ ఉంటుంది. రెండూ ఆ వోల్టేజిని పంచుకుంటాయి. ఉదాహరణకు కడ్డీది 12 పికోఫారడ్‌లు, కేబులుది 60 అనుకుందాం. రేడియోకు చేరేది మొత్తంలో 72కు 12వ పాలు, అంటే ఆరో వంతు. కేబులు పొడవు రెట్టింపైతే అది పదకొండో వంతుకు పడిపోతుంది. డిక్కీలో యాంటెనా దాచి, డాష్‌బోర్డు దాకా పొడుగాటి కేబులు లాగినప్పుడు ఎ.ఎం. నీరసించడానికి ఇదొక కారణం. మామూలు టీవీ కేబులు కాక, తక్కువ కెపాసిటీ గల కారు యాంటెనా కేబులునే వాడాలనడానికీ కారణం ఇదే.

పేస్‌మేకర్ నేర్పే పాఠం

లోహపు పెట్టెలో రేడియో సమస్య వైద్యులకు మరో చోట పరిచయమే. గుండెకు అమర్చే పేస్‌మేకర్ టైటేనియం డొక్కులో భద్రంగా మూసి ఉంటుంది. నేటి పేస్‌మేకర్లు రోగి పడకగదిలోని పరికరంతో రేడియో ద్వారా మాట్లాడతాయి. ఇందుకోసం అమెరికాలో 402 నుంచి 405 మెగాహెర్ట్జ్ దాకా ప్రత్యేకంగా కేటాయించారు. టైటేనియం డొక్కులోంచి ఆ తరంగాలు బయటికి రాలేవు. అందుకని యాంటెనాను డొక్కు లోపల కాక, దానిపైన తీగలు కలిసే ప్లాస్టిక్ భాగంలో ఉంచుతారు.

పాత కారుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఒక మెగాహెర్ట్జ్ తరంగం రాగిలో మిల్లీమీటరులో పదిహేనో వంతు లోతుకు వెళ్లేసరికే మూడో వంతుకు పైగా క్షీణించదు గదా అనుకోనక్కరలేదు, మూడింట రెండు వంతులు తరిగిపోతుంది. ఉక్కు రేకు దాటి లోపలికి వచ్చేది ఏమీ ఉండదు. కాబట్టి మొదట వేసుకోవలసిన ప్రశ్న ‘ఎక్కడ దాచాలి?’ కాదు, ‘ఈ కారులో లోహం కానిది ఏది?’ అన్నది. కార్వెట్‌కు ఒళ్లంతా ఫైబర్‌గ్లాసే కాబట్టి డిక్కీ మూత చాలింది. అయితే ఆ వరం వెంట ఒక శాపమూ వచ్చింది. ఉక్కు బానెట్ ఇంజను చేసే విద్యుత్ రొదను కొంత అడ్డుకుంటుంది; ఫైబర్‌గ్లాసు అడ్డుకోదు. అందుకే రేడియో ఉన్న కార్వెట్‌లలో ఇగ్నిషన్ భాగాలకు లోహపు తొడుగులు వేయవలసి వచ్చింది.

ఉక్కు కార్లలో మిగిలేవి అద్దాలు, గుడ్డ టాపు, కొన్ని బ్రిటిష్ కార్లలో చెక్క డాష్‌బోర్డు. ముందు అద్దం పైఅంచున లోపలివైపు సన్నని తీగ లేదా పారదర్శక పట్టీ అంటించడం అన్నిటిలో మేలైన మార్గం. ఇంజనుకు దూరంగా, లోహానికి కొంత ఎడంగా ఉంటుంది. లోహపు పూత గల రంగు కాగితం అద్దానికి అంటించి ఉంటే మాత్రం ఇది పనికిరాదు. డాష్‌బోర్డు కింద అమర్చడం సులువు, కాని అక్కడ చుట్టూ ఉక్కే. వైపర్ మోటారు, గడియారం, ఇగ్నిషన్ తీగలు అన్నీ ఆ పక్కనే ఉంటాయి. గుడ్డ టాపు లోపల తీగ కుట్టవచ్చు. టాపు మడిచినప్పుడు తీగ నలగకుండా చూసుకోవాలి.

ఇక్కడ కొనేవారు ఒకటి గమనించాలి. అంగళ్లలో దొరికే అంటించే యాంటెనాలు చాలామటుకు ఎఫ్.ఎం. కోసం తయారైనవి. పాత కార్ల అసలు రేడియోలలో ఎక్కువ భాగం కేవలం ఎ.ఎం. పలికేవి.

యాంప్లిఫయర్ ఏం చేస్తుంది, ఏం చేయదు

దాచిన యాంటెనాలతో పాటు చిన్న యాంప్లిఫయర్ అమ్ముతారు. యాంటెనా పక్కనే ఉన్నప్పుడు అది పొడుగు కేబులు వల్ల కలిగే నష్టాన్ని పూడుస్తుంది. అంతవరకు మేలే. అయితే రొదను, పాటను అది వేరు చేయలేదు. సందడిగా ఉన్న వార్డులో ఎలక్ట్రానిక్ స్టెతస్కోపు శబ్దం పెంచితే గుండె చప్పుడుతో పాటు పక్క మంచం మాటలూ పెరుగుతాయి. ముందు గది నిశ్శబ్దం కావాలి. కారులో ఆ నిశ్శబ్దం రెసిస్టర్ గల స్పార్క్ ప్లగ్ తీగలతో, జనరేటర్‌కు కెపాసిటర్‌తో, బానెట్‌ను బాడీకి కలిపే రాగి పట్టీలతో వస్తుంది.

మరో హెచ్చరిక. నేటి యాంప్లిఫయర్లు 12 వోల్టులకు, ఋణధ్రువం బాడీకి కలిపిన కార్లకు చేసినవి. 1955 వరకు ఫోర్డ్ కార్లలో 6 వోల్టుల బ్యాటరీ, ధనధ్రువం బాడీకి కలిపి ఉండేది. అరవైల మధ్యకాలం దాకా చాలా బ్రిటిష్ కార్లలో బాడీకి కలిపినది ధనధ్రువమే. 1953, 54 కార్వెట్‌లు కూడా 6 వోల్టులవే. చూసుకోకుండా తగిలిస్తే యాంప్లిఫయర్ కాలిపోతుంది.

అమర్చే క్రమం

శాశ్వతంగా అంటించకముందే తీగను టేపుతో తాత్కాలికంగా నిలిపి పరీక్షించాలి. కేబులు పైతొడుగును, యాంటెనా దగ్గరలో ఇప్పటికే ఉన్న ఏదో ఒక మరకు, రంగు గీకి శుభ్రమైన లోహం తగిలేలా కలపాలి. పగటిపూట 1400 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో బలహీనమైన కేంద్రాన్ని పట్టి, పాత రేడియోకు ఉండే యాంటెనా ట్రిమ్మర్ మరను శబ్దం గరిష్ఠమయ్యేదాకా మెల్లగా తిప్పాలి. కడ్డీకి సరిపెట్టిన ట్రిమ్మర్ దాచిన తీగకు సరిపోదు. ఈ ఒక్క పని చేయక ‘యాంటెనా పనికిరాదు’ అని తీసేసేవారు ఉన్నారు. తరవాత ఇంజను నడిపి రొద వినాలి. బండి ఆపితే రొద పోతే దోషం కారుది. పోకపోతే బయటిది.

ఇన్ని చేసినా దాచిన యాంటెనా ఎ.ఎం.లో బయటి కడ్డీకి సాటిరాదు. ఊళ్లోని కేంద్రాలు చక్కగా వినిపిస్తాయి. రాత్రివేళ అయనావరణం మీదుగా వందల మైళ్లు దాటి వచ్చే నాష్‌విల్ 650, షికాగో 890 వంటి కేంద్రాలు కొంత మసకబారతాయి. కావలసింది ఆ దూరపు గొంతులే అయితే కడ్డీయే శరణ్యం. ఆ కారుకు కంపెనీయే బెజ్జం పెట్టి ఉంటే దాన్ని వాడుకోవడంలో తప్పు లేదు. లేకపోతే తొందరపడవద్దు. అంటించిన తీగను రేపు ఊడదీయవచ్చు. పాత ఉక్కుకు పెట్టిన బెజ్జాన్ని పూడ్చి, ఆనాటి రంగుతో కలపడం మంచి పనివాడికి కూడా కష్టం. తిరిగి సరిచేయలేని పనిని చివరికి వాయిదా వేయడం శస్త్రచికిత్సలో ఎంత మంచిదో ఇక్కడా అంతే మంచిది.