పైపు గోడ మీది గోధుమ రంగు పొర

ఫిల్టర్ బెడ్‌లో పరీక్ష నెగ్గిన నీళ్లు కుళాయి దాకా అలాగే వస్తాయని, పైపు పని మోసుకురావడమేనని అనుకుంటాం. నిజానికి పైపులో ఉన్నంతసేపూ నీటికి దాని గోడతో రసాయన లావాదేవీ నడుస్తూనే ఉంటుంది. గోడకు ఏ పొర పట్టి ఉందన్నదాన్ని బట్టే చాలాసార్లు గ్లాసులోకి ఏం వస్తుందో తేలుతుంది. వాషింగ్టన్ నగరమే ఇందుకు సాక్ష్యం. అక్కడ వీధి పైపు నుంచి ఇళ్లకు వేసిన పాత కనెక్షన్లు వేలకొద్దీ సీసపువి. అయినా చాలాకాలం గొడవేమీ లేకుండానే గడిచిపోయింది. 2000 నవంబరులో క్రిములను చంపేందుకు క్లోరిన్ బదులు క్లోరమైన్ కలపడం మొదలుపెట్టారు. క్లోరిన్ వల్ల పుట్టే ట్రైహాలోమీథేన్లనే హానికర పదార్థాలను తగ్గించాలన్నది ఉద్దేశం, మంచిదే. కానీ ఆ తర్వాత కుళాయి నీళ్లలో సీసం పెరిగిపోయింది. లీటరుకు 15 మైక్రోగ్రాములు దాటితే చర్య తీసుకోవాలన్నది అప్పటి నియమం. కొన్ని ఇళ్లలో 300 కూడా దాటింది.

నది అదే, పైపులూ అవే. మరి ఇన్నాళ్లూ సీసాన్ని పట్టి ఉంచిందేది? క్లోరిన్ బలమైన ఆక్సీకరణి. ఏళ్ల తరబడి సీసం నుంచి ఎలక్ట్రాన్లు లాగేసి, గోడ మీద లెడ్ డయాక్సైడ్ పొర కట్టింది. ఇన్వర్టర్ బ్యాటరీ పాజిటివ్ ప్లేటు మీద ఉండే ముదురు గోధుమ పదార్థమే ఇది. నీటిలో దాదాపు కరగదు. అయితే తనంతట తాను నిలిచేదీ కాదు. ఇందులోని సీసం నాలుగు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని ఉంటుంది. సందు దొరికితే రెండు తిరిగి తెచ్చుకుంటుంది. బ్యాటరీ కరెంటు ఇచ్చేటప్పుడు ఆ ప్లేటు మీద జరిగేది అదే. పైపులో క్లోరిన్ ఉన్నంతకాలం ఆ సందు దొరకలేదు. క్లోరమైన్‌కు అంత ఆక్సీకరణ శక్తి లేదు. దాంతో పొర కరిగే రూపాల్లోకి మారి నీళ్లలో కలిసింది. క్రిముల కోసం వేసిన మందే పైపుకు కాపలా కాసిందన్నమాట. ఈ కథలో నన్ను కట్టిపడేసేది ఇదే.

పైపులు మార్చేస్తే పోదా అనవచ్చు. మార్చారు, కానీ చాలాచోట్ల వీధి వైపు భాగానికి రాగి వేసి, ఇంటి వైపు సీసం వదిలేశారు. తడిలో రాగి, సీసం తాకితే చిన్న విద్యుత్ ఘటం ఏర్పడి సీసం ఇంకా తొందరగా అరుగుతుంది. తవ్వకపు కుదుపులకు పాత పొర రాలుతుంది కూడా. చివరికి 2004లో ఆర్థోఫాస్ఫేట్ కలిపి గోడకు కొత్త పొర పట్టించారు. పదేళ్లకు అమెరికాలోనే ఫ్లింట్ నగరంలో నీటి వనరు మార్చి, ఆ ఫాస్ఫేట్ వేయకుండా వదిలేశారు. అక్కడి కుళాయి నీళ్లలోనూ సీసం చేరిన సంగతి లోకమంతటికీ తెలుసు.

మన వీధుల్లో సీసపు పైపులెక్కడివి అంటే, నిజమే. కానీ ఇనుప పైపు తుప్పు క్లోరిన్‌ను తినేస్తుంది, సూక్ష్మజీవులకు చోటిస్తుంది. ప్లాస్టిక్‌కు తుప్పు లేదు గానీ అతుకులున్నాయి. రోజుకో గంట నీళ్లు వదిలే ఊళ్లో, వాల్వు కట్టేయగానే పైపులో ఒత్తిడి పడిపోతుంది. లీకుల దగ్గర పక్క మురుగు లోపలికి చేరుతుంది. హుబ్లీ-ధార్వాడ్‌లో 24 గంటల సరఫరా ఉన్న వార్డులను, వంతుల వారీగా నీళ్లొచ్చే వార్డులతో పోల్చి చూస్తే, వంతుల నీళ్లలోనే కాలుష్యం ఎక్కువగా బయటపడింది. అందులోనూ వాల్వు తిప్పగానే వచ్చే తొలి నీళ్లలో, ధార సన్నబడిన వేళల్లో.